జాక్సన్ పంచాయితీ

మైకేల్ జాక్సన్ ‘హిస్టరీ’ ఆల్బం 1995 జూన్‌లో విడుదలైంది. ఉస్మానియాలో మా హాస్టల్‌కి చేరేసరికి వానాకాలం సగం అయిపోయింది. వచ్చింది కూడా అసలు క్యాసెట్లు కావు. కోఠిలో ఒక రికార్డింగ్ షాపాయన రెండు ఖాళీ క్యాసెట్ల మీదికి ఎక్కించి ఇచ్చాడు. ఒకదాంట్లో పాత హిట్లు పదిహేను, ఇంకోదాంట్లో కొత్త పాటలు పదిహేను. పాతవన్నీ నా రూమ్మేటు అమలాపురానికి నోటికొచ్చు, అందుకని ఆ క్యాసెట్ వెంటనే అటకెక్కింది. వాడు డబ్బులు పెట్టింది కొత్తదాని కోసం. గొడవంతా కూడా దానితోనే వచ్చింది.

హాస్టల్లో ఎవరినీ సొంత పేరుతో పిలిచేవాళ్లం కాదు, ఊరి పేరే పేరు. నేను సిరిసిల్ల. నా రూమ్మేటు అమలాపురం. టేప్‌రికార్డరు వాడిది, మంచాలు గోడకి జరిపి గది మధ్యలో మూన్‌వాక్ ప్రాక్టీసు చేసేవాడు. గచ్చు నున్నగా లేదని మేజోళ్లకి అడుగున పౌడర్ రాసుకునేవాడు. ఎదురు గది తెనాలి, సోషియాలజీ ఎమ్మే. మెట్ల పక్క గదిలో ఒక కామ్రేడ్ ఉండేవాడు. యూనియన్ మనిషి గనక అన్ని ఊళ్లూ ఆయనవే, ఆయన్ని కామ్రేడ్ అనే పిలిచేవాళ్లం.

జాక్సన్‌ని చూడకముందే జాక్సన్ని చూసిన తరం మాది. 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి ఎర్ర జాకెట్టేసుకుని దయ్యాల గుంపుతో ఆడితే, అది ‘థ్రిల్లర్’ నుంచి వచ్చిందని మాకు చెప్పినవాళ్లు లేరు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్ల వెనక మేం పిల్లలం ఆ స్టెప్పులు వేసేవాళ్లం. ఆ తర్వాత 1994లో ‘ప్రేమికుడు’ వచ్చింది. ప్రభుదేవా ఎముకలు లేనట్టు ఒళ్లు తిప్పితే థియేటర్లో ఈలలు ఆగలేదు. అసలు మనిషిని ఛానెల్ వీలో చూసింది హాస్టల్ టీవీ గదిలోనే. అప్పటికే ఆయన మీద ఉన్న వార్తలు ఆయన పాటలకంటే ఎక్కువ.

1993లో పదమూడేళ్ల పిల్లవాడిని లైంగికంగా వేధించాడన్న ఆరోపణ వచ్చింది. 1994 జనవరిలో ఆ కుటుంబం వేసిన సివిల్ దావాని డబ్బిచ్చి పరిష్కరించుకున్నాడు. నేరం ఒప్పుకోలేదు, క్రిమినల్ కేసూ పడలేదు. అదే ఏడాది మేలో ఎల్విస్ ప్రెస్లీ కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. మన పేపర్ల సినిమా పేజీల్లో ఇవన్నీ ముక్కు ఆపరేషన్లతో, తెల్లబడ్డ ఒంటితో కలిపి ఒకే ముద్దగా వచ్చేవి. ఆ ముద్ద మీదికి ఆల్బం వచ్చి పడింది.

అమలాపురం వాదన మొదటి రోజునుంచీ ఒకటే. “పాట వేరు, మనిషి వేరండీ. మనకి కావాల్సింది పాట. ఆయనింట్లో ఏం జరిగిందో మనకెందుకు, ఆయ్?” వాడు కోపంలో ఉన్నా ‘అండీ’ వదిలేవాడు కాదు.

ఈ మాట చాలామంది హీరోల విషయంలో పనికొచ్చేదే. కానీ ఈ ఆల్బం విషయంలో పనికిరాలేదు. తెనాలి చాలా తాపీగా చెప్పాడు: “నువ్వు విడగొడుతున్నావు సరే, ఆయన విడగొట్టాడా? ఆ క్యాసెట్ మళ్లీ పెట్టు.” పెట్టాం. మొదటి పాట ‘స్క్రీమ్’, చెల్లెలు జానెట్‌తో కలిసి లోకం మీద అరుపు. ‘టాబ్లాయిడ్ జంకీ’ పేపర్లవాళ్ల మీద. ‘డీఎస్’ తన మీద విచారణ నడిపిన కాలిఫోర్నియా ప్రాసిక్యూటర్ మీద అని అప్పటికే అందరూ అనుకుంటున్నారు, పేరు మాత్రం కాస్త మార్చి పాడాడు. ‘చైల్డ్‌హుడ్’లో తనకి బాల్యమే లేదని, తనని అర్థం చేసుకోమని మొర. కేసుని పాటల్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది ఆయనే. ఇది తన తరఫు వాంగ్మూలం. వాంగ్మూలం విన్నవాడు నిజమా అబద్ధమా అని ఆలోచించకుండా రాగం బాగుందంటే ఎట్లా? అమలాపురానికి జవాబు దొరకలేదు. దానికి బదులు వాల్యూం పెంచాడు. నాకు కూడా ఆ రోజు జవాబు దొరకలేదు, ఇప్పటికీ లేదు. అట్లాగని ‘స్ట్రేంజర్ ఇన్ మాస్కో’ వినడం మానిందీ లేదు. వానలో ఒంటరిగా నడిచే ఆ పాట, నా లెక్కలో ఆయన పాడిన అన్నిటికంటే గొప్పది. అదీ ఆ కక్షల క్యాసెట్లోనే ఉండటం ఆశ్చర్యం.

అసలు పెద్ద పంచాయితీ ‘దే డోంట్ కేర్ అబౌట్ అజ్’ మీద నడిచింది. అందులో యూదుల్ని కించపరిచే మాట ఉందని అమెరికాలో గోల పుట్టింది. జాక్సన్ తాను బాధితుడి గొంతుతో పాడానన్నాడు, క్షమాపణ చెప్పాడు, ఆ మాటలు వినిపించకుండా పాటని మళ్లీ రికార్డు చేయించాడు. మా కోఠి క్యాసెట్లో పాతదే ఉంది. సాహిత్యం అచ్చేసిన కాగితం లేదు కాబట్టి వెనక్కి తిప్పి, ఆపి, మళ్లీ వెనక్కి తిప్పి విన్నాం. ఆ చోట టేపు నలిగి కీచుమని అరిచేది.

మాలో ఒక్కడూ యూదుణ్ని చూసినవాడు లేడు. మరి అంత రాత్రిదాకా ఎందుకు కొట్టుకున్నాం? తెనాలి గదిలో ఉండటం వల్ల. వాళ్ల ఊరు చుండూరుకి దగ్గర. 1991లో అక్కడ జరిగిన దళితుల ఊచకోత తర్వాతే వాడు సోషియాలజీలో చేరాడు. తిట్టు మాట గురించి మాకందరికీ ఒక అభిప్రాయం ఉంది, వాడికి అనుభవం ఉంది. అమలాపురం ఒక తెలివైన మాటే అన్నాడు: “మీ పాటల్లో మీరు మీ కులం పేరు పెట్టి, జనం తిట్టే తిట్టు పెట్టి పాడట్లేదాండీ? అది కోపం కదా. ఇదీ అంతే.”

తెనాలి చాలాసేపు తల గోక్కున్నాడు. “మా తిట్టు మేం తిప్పికొడితే అది మా ఇష్టం. నల్లవాళ్లని తిట్టే మాట జాక్సన్ పాడుకుంటే నేను చప్పట్లు కొడతాను. కానీ యూదుల తిట్టు ఆయన అరువు తెచ్చుకున్నాడు. ఇంకొకడి గాయం చూపించి నా నొప్పి చూడండి అంటే ఎట్లా?” అన్నాడు. ఆ తర్వాత ఇదే విషయం మీద పెద్దపెద్ద పత్రికల్లో వ్యాసాలు చదివాను. ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు కనపడలేదు.

కామ్రేడ్ దృష్టిలో ఇదంతా దండగ. ఆల్బం ప్రచారానికి యూరప్ నగరాల్లో జాక్సన్ విగ్రహాలు పెట్టారని, ఒకటి లండన్‌లో థేమ్స్ నది మీద తేల్చారని, ప్రచార చిత్రంలో సైనికులు కవాతు చేస్తారని ఎక్కడో చదివాడు. “బతికుండగా తన విగ్రహం తాను పెట్టుకున్నవాణ్ని మీరు బాధితుడంటున్నారు” అని ఒక్క ముక్క అనేసి టీ తాగడానికి వెళ్లిపోయేవాడు. ఆయన దగ్గర కూడా పాత జాక్సన్ క్యాసెట్ ఒకటి ఉండేదని తెలిసింది తర్వాత.

ఇంతలో 1996లో జాక్సన్ ముంబై వస్తున్నాడని తెలిసింది. నవంబర్ 1న అంధేరి స్పోర్ట్స్ కాంప్లెక్సులో కచేరీ. పిలిచింది శివ్ ఉద్యోగ్ సేన, అప్పట్లో రాజ్ ఠాక్రే నడిపిన సంస్థ. మరాఠీ కుర్రాళ్లకి ఉపాధి చూపించడానికి నిధులు పోగుచేస్తారట. శివసేన–బీజేపీ సర్కారు కచేరీకి వినోదపు పన్ను మినహాయించింది, వినియోగదారుల సంఘం ఒకటి హైకోర్టుకెక్కింది. అదే నెలలో బెంగళూరులో మిస్ వరల్డ్ పోటీలు మన సంస్కృతిని పాడుచేస్తాయని ధర్నాలు జరుగుతున్నాయి. ముంబైలో మాత్రం సంస్కృతికి కాపలా కాసేవాళ్లే జాక్సన్‌ని పిలిచారు. కామ్రేడ్‌కి ఈ విషయం మీద నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ముంబైలో మా మామ వాళ్లుండేది వర్లీ బీడీడీ చాళ్లలో. సిరిసిల్ల, కరీంనగర్ వైపు పద్మశాలీలు రెండు మూడు తరాలుగా అక్కడికి వలసపోయి బట్టల మిల్లుల్లో పనిచేశారు. మామ కూడా మిల్లు మనిషే. 1982 సమ్మె తర్వాత మిల్లు పని పోయింది, ఒక ఆఫీసు గేటు దగ్గర కాపలా పని దొరికింది. మామ కొడుకు, నాకు బావ, ముంబైలోనే పుట్టి పెరిగాడు. తెలుగు ఇంట్లో, మరాఠీ వీధిలో. సాయంత్రాలు శివసేన శాఖలో కూర్చునేవాడు. కచేరీ దగ్గర జనాన్ని సర్దే పని శాఖ కుర్రాళ్లకి పడిందట, వాడికి రెండు పాసులు దొరికాయి. ఉత్తరం రాశాడు. అమలాపురం నా చేతిలో ఆ కార్డు చూసి ఒక పూట మాట్లాడలేదు.

దాదర్‌లో ముంబై ఎక్స్‌ప్రెస్ దిగి వర్లీ చేరేసరికి చాల్ అంతా అదే మాట. బీడీడీ చాల్ తెలియనివాళ్లకి: నూట అరవై చదరపు అడుగుల గది ఒక కుటుంబానికి, గదుల మధ్య పొడుగాటి నడవ, ఆ చివర అంతస్తుకంతా కలిపి మరుగుదొడ్లు. తెల్లారితే చేతిలో చెంబుతో వరస కట్టాలి. జాక్సన్ బాంద్రాలో శివసేన అధినేత బాల్ ఠాక్రే ఇంటికెళ్లినప్పుడు అక్కడి టాయిలెట్ వాడుకున్నాడని, పెద్దాయన అది గొప్పగా చెప్పుకున్నాడని కబురు పాకింది. ఆ వరసలో నిలబడి ఆ కబురు వినడం ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. “ఆయనకు క్యూ లేకుండె గద, అందుకే పోయిండు” అని ఒక ముసలాయన అంటే చెంబులు కిందపడేట్టు నవ్వారు.

మామ మాత్రం నవ్వలేదు. “ఏం రా అల్లుడా, గా ఎగిరెటోని కోసం గింత దూరం వస్తివా?” అన్నాడు ముందు. తర్వాత మెల్లగా అసలు సంగతి బయటపెట్టాడు. శివసేన పుట్టిన కొత్తల్లో దక్షిణాదివాళ్లని లుంగీవాళ్లని తరిమితే, మామ మిల్లుకి ప్యాంటేసుకుని పోయేవాడట, నోరు తెరవకుండా. “మమ్ముల బయటోళ్లన్నరు. ఇప్పుడు అమెరికా నుంచి వచ్చినోనికి తొమ్మిదిగజాల చీర కట్టిన పిల్లతోని బొట్టు పెట్టిపిచ్చిన్రు.” విమానాశ్రయంలో సోనాలీ బెంద్రే మరాఠీ చీరకట్టుతో స్వాగతం చెప్పిన ఫొటో ఆ రోజు పేపర్లో ఉంది. బావకి రోషం వచ్చింది. “బాపూ, గీ కచేరీ పైసలతోని మా అసొంటోళ్లకే నౌకరీలు ఇప్పిస్తరు” అన్నాడు. “మన అసొంటోళ్లకా, మరాఠీ పోరగాండ్లకా?” అన్నాడు మామ. బావ చెప్పులేసుకుని బయటికి పోయాడు.

అత్తమ్మకి వీళ్లిద్దరి గొడవ పట్టదు. టీవీలో జాక్సన్ కనపడగానే పొయ్యి దగ్గర్నించి లేచొచ్చింది. ఆమె మోచేతుల దాకా బొల్లి. “గాయనకు నా లెక్కనే తెల్లమచ్చలట గద?” అని అడిగింది. 1993లో ఓప్రా విన్‌ఫ్రీతో జాక్సన్ స్వయంగా ఆ మాట చెప్పాడు. హాస్టల్లో నూటికి తొంభైమంది నమ్మలేదు, తెల్లవాడు కావాలని చర్మం ఒలిపించుకున్నాడనే అనేవారు. గదిలోకి వచ్చిన పక్కింటి కుర్రాడూ అదే అన్నాడు: మచ్చలైతే మచ్చలుగా ఉండాలి కదా, ఒళ్లంతా ఒక్క తీరుగా ఎట్లా తెల్లబడింది? అత్తమ్మ తన చేతులు చూసుకుంది. “నేను పెండ్లికి పోతే చేతులకు పౌడర్ రాసుకోనా? సగం నలుపు, సగం తెలుపు ఉంటే ఏది ఎక్కువుంటే గా రంగే పూసుకుంటరు. ఆయన పొద్దుగాల లేస్తే పదిమందిల నిలబడాలె.” అని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆమెకి ఒక్క పాట కూడా తెలియదు. ఆ పంచాయితీలో వాస్తవానికి దగ్గరగా మాట్లాడింది ఆమె ఒక్కతే.

కచేరీ రోజు మధ్యాహ్నం నుంచే అంధేరి స్టేషన్ బయట జనం. లోపల నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి, ఉక్కపోత, నీళ్ల కోసం తోపులాట. ముందు భాగంలో సినిమావాళ్లు, డబ్బున్నవాళ్లు; మేం ఎక్కడో వెనక. చీకటి పడ్డాక తెరల మీద రాకెట్ ప్రయాణం, చప్పుడు, పొగ, స్టేజి మీద ఒక అంతరిక్ష నౌక తలుపు తెరుచుకుంది. బంగారు రంగు సూటులో ఒక ఆకారం కదలకుండా నిలబడింది. మేమున్న చోటికి బొటనవేలంత మనిషి. అంత చిన్నవాడు ఊరికే నిలబడితే అంత పెద్ద గుంపు అట్లా అరవడం నేను మళ్లీ చూడలేదు.

‘బిల్లీ జీన్’కి ముందు ఒక పాత సూట్‌కేసు పట్టుకుని ఒక్కడే వచ్చాడు. దాన్ని స్టూలు మీద పెట్టి తెరిచాడు. మెరుపుల నల్ల చొక్కా తీసి తొడుక్కున్నాడు. తెల్ల గ్లవ్ తీశాడు, ఒక్కో వేలూ సర్దుకున్నాడు. టోపీ తీసి పెట్టుకున్నాడు. డ్యూటీకి బయల్దేరేముందు మామ యూనిఫాం వేసుకోవడంలో ఉన్న శ్రద్ధే అందులోనూ ఉంది. మా వెనకనుంచి ఎవరో హిందీలో “టేపు పెట్టి పెదాలాడిస్తున్నాడు” అన్నారు, ఇంకెవరో నోర్మూసుకోమన్నారు. టేపే కావచ్చు. ఆ టూరులో సగానికి పైగా అంతే. కానీ చిన్నప్పుడు అన్నదమ్ములతో పాడిన పాటలు అందుకున్నప్పుడు ఊపిరి ఆయాసంగా మైకులో వినిపించింది. అది టేపు కాదు.

చివర్లో ‘హీల్ ద వరల్డ్’కి స్టేజి మీదికి పిల్లలు వచ్చారు. మా ముందు ఒకాయన ఆరేడేళ్ల కొడుకుని కచేరీ మొదలైనప్పటినుంచీ భుజాల మీద ఎక్కించుకుని ఉన్నాడు. ఆ పిల్లలు రాగానే కొడుకుని కిందికి దించాడు. ఎందుకు దించాడో నాకు తెలియదు. భుజాలు నొప్పిపుట్టి ఉండొచ్చు. బావ నా వైపు చూశాడు, నేను స్టేజి వైపు చూశాను. తిరుగు లోకల్లో ఇద్దరం సూట్‌కేసు గురించే మాట్లాడుకున్నాం.

హాస్టల్‌కి రాగానే అమలాపురం అడిగింది ఒకటే: “నిజం చెప్పండి సిరిసిల్ల గారూ, పాడాడా, పెదాలాడించాడా?” రెండూ అన్నాను. ఆ ‘రెండూ’ మీద కొత్త గొడవ మొదలైంది. అది తేలకముందే నవంబర్ 6 రాత్రి కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఫోన్లు లేవు. అమలాపురం చొక్కా మార్చుకోకుండానే వెళ్లిపోయాడు. మేం గదిగదికీ తిరిగి బట్టలు, డబ్బులు పోగుచేశాం. అవి లారీలో వేసుకుని వెళ్లింది కామ్రేడ్, తెనాలి. వాళ్లూ వాడూ అక్కడ ఒకే బడిలో పడుకున్నారట.

నెలాఖరుకి తిరిగొచ్చాడు. వాళ్లింటి పెంకులు లేచిపోయాయి, మనుషులు దక్కారు, చెట్టు ఒక్కటీ మిగల్లేదు. మేం ఏం మాట్లాడాలో తెలియక చుట్టూ కూర్చున్నాం. వాడు మంచం మీద పడివున్న పాత పేపర్లు తిరగేస్తూ, ఒక్కసారి లేచి కూర్చున్నాడు. “జాక్సన్ మళ్లీ పెళ్లి చేసుకున్నాడా? నర్సునా? నాకొక్కడూ చెప్పలేదేంట్రా!” మేం వాడి నోట ‘రా’ వినడం అదే మొదటిసారి.

ఆ తర్వాతి సంగతులు అందరికీ తెలిసినవే. 2005లో ఇంకో కేసులో జ్యూరీ నిర్దోషి అంది. 2009 జూన్ 25న పోయాడు. శవపరీక్షలో బొల్లి నిజమేనని తేలింది, ఆ మాట అత్తమ్మకి ఫోన్ చేసి చెప్పాను. “గది నేను అప్పుడే చెప్పిన గద” అంది. 2019లో ‘లీవింగ్ నెవర్‌ల్యాండ్’ డాక్యుమెంటరీ వచ్చింది. ఇద్దరు మగవాళ్లు తమ చిన్నతనంలో ఏం జరిగిందో గంటల తరబడి చెప్పారు. జాక్సన్ కుటుంబం అంతా అబద్ధమంది. నేను రెండు భాగాలూ చూశాను. ఆ ఇద్దరూ చెప్పింది నేను నమ్మాను. అమలాపురం చూడనన్నాడు.

2021 జనవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం, పాతికేళ్ల కిందటి ఆ కచేరీకి మూడు కోట్ల పైచిలుకు వినోదపు పన్ను మాఫీ చేసింది. మధ్యలో హైకోర్టు ఆ మినహాయింపుని కొట్టేసి మళ్లీ ఆలోచించమంటే, ఆలోచించడానికి అన్నేళ్లు పట్టింది. ఆ వార్త బావ పంపాడు, కింద ఒక లైను: “పన్ను మాఫైంది, నా నౌకరీ ఏమైందో అడుగు.” దాన్ని హాస్టల్ గ్రూపులో పెట్టాను. కామ్రేడ్ రెండు నవ్వు బొమ్మలు పెట్టాడు. అమలాపురం ‘బిల్లీ జీన్’ వీడియో పెట్టాడు. తెనాలి అర్ధరాత్రి దాటాక రాశాడు: “వీడియో బాగుంది. డాక్యుమెంటరీ చూశావా లేదా, ముందు అది చెప్పు.” పొద్దున్నే అమలాపురం జవాబు వచ్చింది: “చూడలేదండీ. మీరు ఆ పాట పూర్తిగా విన్నారా లేదా, ముందు అది చెప్పండి.”